మోకాళ్ళ పేరు మీద రెండు రోజులు

మా ఇంట్లో ఊరు దాటి వెళ్ళడానికి మూడే కారణాలు చెల్లుతాయి. పెళ్ళి, చావు, దవాఖాన. ఈ చట్టం చేసింది మా ఆయన. ఆర్మూర్ బస్టాండుకు దగ్గర్లో ఆయనకు మందుల షాపు ఉంది. పొద్దున షట్టర్ ఎత్తాడంటే మళ్ళీ దించేదాకా ఆ నాలుగు గాజు బీరువాల మధ్యే ఆయన లోకం. చెడ్డమనిషి కాదు. పిసినారి అంతకంటే కాదు. ఊరికే తిరిగి రావడం అనే పని ఒకటుంటుందని ఆయనకు తట్టదు, అంతే. పక్క బట్టల దుకాణం వాళ్ళు ఒకసారి ఇంటిల్లిపాదీ ఊటీ వెళ్ళొస్తే, "అయ్యో, ఎవలికి పానం బాగలేకుండె?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

ఆయన్ని కన్న మా అత్తమ్మ మాత్రం పూర్తిగా వేరే రకం. ఆమెకు డెబ్బై దాటాయి. ఇరవై ఏళ్ళకు పైగా పసుపు వ్యాపారుల గోదాముల్లో కూర్చుని పసుపు ఏరే పని చేసింది. వేలిలా పొడుగ్గా ఉండే కొమ్మును ఒక కుప్పలోకి, గుండ్రటి గోళను ఇంకో కుప్పలోకి విసిరేది. ఆ పని మానేసి చాలా కాలమైనా ఆమె వేళ్ళ గీతల్లోంచి పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

రెండేళ్ళ కింద ఆమె కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు టీవీకి దూరంగా కూర్చోమన్నారు. అంత దూరం నుంచి సీరియల్ చూస్తే ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఏడిపిస్తున్నారో ఆమెకు తెలిసేది కాదు. విసుగొచ్చి రిమోట్ నొక్కుకుంటూ పోతే ఒక చోట పచ్చటి మైదానం, దాని మీద పరుగెత్తే మనుషులు కనిపించారు.

"దీంట్ల మొకాలు గుర్తువట్టే పనిలేదు పిల్లా," అంది నాతో. "అంగి రంగు కనబడితె సాలు."

అలా మొదలైంది ఫుట్‌బాల్. కళ్ళు బాగయ్యాక కూడా ఆమె సీరియల్స్ వైపు తిరిగి చూడలేదు. పసుపు రంగు చొక్కాలు వేసుకునే హైదరాబాద్ జట్టును తన జట్టుగా ఎంచుకుంది. గోల్‌కీపర్ ఆమెకు కావలాయన. రిఫరీ సీటీలాయన. ఆఫ్‌సైడ్ అనే నియమాన్ని మాత్రం ఈనాటికీ ఒప్పుకోలేదు. "ముందు ఉరికినోనిది తప్పెట్లయితది? ఎనకవడ్డోళ్ళది గద తప్పు?" అంటుంది.

ఇక నా సంగతి. నేను ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. డిజైన్లు నేనే గీస్తాను, మా ఆయన పాత బిల్లు పుస్తకాల వెనక వైపు. చిన్నప్పుడు బళ్ళో డ్రాయింగ్ సారు నా నెమలిని చూసి, "నీ చెయ్యి మంచిగుందమ్మా," అన్నాడు. నలభై ఆరేళ్ళొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. పెద్ద పెద్ద బొమ్మలు గోడకు వేలాడుతుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గర నుంచి చూడాలని కోరిక. మాదాపూర్ వైపు ఒక గ్యాలరీలో ప్రదర్శన జరుగుతోందని పేపర్లో పడితే కత్తిరించి కుట్టుమిషన్ సొరుగులో పెట్టుకున్నాను.

అది చుట్టుపక్కల ఊళ్ళన్నీ పసుపు ఉడకబెట్టే కాలం. గాలి అంతా అదే వాసన. ఒక మధ్యాహ్నం అత్తమ్మ నా మిషన్ పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"పిల్లా, గా ఆటను ఎదురుంగ కూసోని సూడాలె."

"పోనిస్తడా మీ కొడుకు? టీవీల వస్తది గదా అంటడు."

"అడిగితె అంటడు. అడగకుంట పోదాం."

మూడు కారణాలనూ ఇద్దరం ముందేసుకుని చూశాం. అత్తమ్మే తేల్చింది. "పెండ్లంటె వాడు గూడ ఇస్త్రి అంగి ఏసుకోని తయారైతడు. సావంటె ఎవలనో ఒకల్ని సంపాలె, పాపం తగుల్తది. దవాఖాననే మంచిగున్నది."

"ఏం బాగలేదని చెప్దాం?"

ఆమె చీర కొంచెం పైకి జరిపి తన మోకాళ్ళను చూసుకుంది, సంతలో మేకల్ని బేరానికి చూసినట్టు. "గీటికి డెబ్బయేండ్ల సంది పనే సెప్పిన. ఓ అబద్ధం గూడ మోస్తయి తియ్యి."

ఆ రోజు నుంచి కుంటడం మొదలైంది. సోమవారం కుడి కాలు కుంటింది. మంగళవారం ఎడమది.

"నిన్న కుడిది గదమ్మా నొస్తుందన్నవ్?" అన్నాడు మా ఆయన.

"రెండు ఒక్క కడుపుల పుట్టినయిరా. ఒకదానికి నొస్తె ఇంకోటి ఊకుంటదా?"

మా ఆయన షాపు నుంచి మందు తెచ్చి, నేల మీద కూర్చుని, రెండు మోకాళ్ళకూ తనే రుద్దాడు. వారం రోజులు రోజూ రుద్దాడు. అత్తమ్మ ఆయన తల మీదుగా నాకు కన్ను కొట్టింది. నేను మాత్రం ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. అయినా హైదరాబాద్ దవాఖానలో చూపించుకొస్తాం, రెండు రోజులు పడుతుందని ఆయనకు చెప్పి, ఆట టికెట్లు ఫోన్లో తీసేశాను.

ఇద్దరం ఒప్పందం రాసుకోకుండానే చేసుకున్నాం. శనివారం ఆమెది, ఆట. ఆదివారం నాది, బొమ్మలు. తిండి ఇద్దరిదీ. దానికి అత్తమ్మ పెట్టిన షరతు ఒక్కటే: ఇంట్లో దొరికేది తినకూడదు.

శనివారం పొద్దున ఆరింటికి మా ఆయనే బస్సెక్కించాడు. ఆడవాళ్ళకు ఉచితమైన ఎక్స్‌ప్రెస్. అంతవరకు బాగానే ఉంది. దిగబోతూ కండక్టర్‌తో, "అన్నా, మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, జర చూస్కో," అన్నాడు. కండక్టర్ మా షాపులోనే బీపీ మందులు కొంటాడు. పాపం, బాధ్యతగా తీసుకున్నాడు. కామారెడ్డిలో బస్సాగితే చెయ్యి పట్టుకుని దింపాడు, మళ్ళీ ఎక్కించాడు. ఆయన కళ్ళ ముందు అత్తమ్మ పాసుకు వెళ్ళడానికి కుంటింది, రావడానికి కుంటింది, చాయ్ తాగడానికి కుంటింది. హైదరాబాద్‌లో జేబీఎస్ బస్టాండులో దిగాక బస్సు మలుపు తిరిగేదాకా కుంటి, ఆ తర్వాత ఎంత వడివడిగా నడిచిందంటే బ్యాగు మోసుకుని నేను వెనకాల ఉరకాల్సి వచ్చింది.

గచ్చిబౌలి దగ్గర ఒక చిన్న లాడ్జిలో బ్యాగు పడేసి తిండికి బయల్దేరాం. నేను అతి తెలివికి పోయి, పెద్దామె కదా, అలవాటైన తిండి అయితే కడుపుకు మంచిదని ఊరి వంటల హోటల్‌కు తీసుకెళ్ళాను. గుమ్మంలో ఎడ్లబండి చక్రం, గోడకు చాట, జల్లెడ. మెనూ తీసి చదివి వినిపించాను. సర్వపిండి, మక్క గారెలు, పచ్చిపులుసు.

అత్తమ్మ చాట వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇంట్ల తినేదాని కోసం మోకాళ్ళు నొస్తున్నయని అబద్ధమాడిన్నా నేను?" అని లేచి నిలబడింది.

పక్కనే ఇటలీ వంటల హోటల్ ఉంటే అందులో దూరాం. మెత్తటి సోఫాలు, సన్నటి పాట. ఏం చెప్పాలో తెలియక పక్క టేబుల్ వాళ్ళ పళ్ళేన్ని చూపించి అదే తెమ్మన్నాను. తెల్లటి గుజ్జులో పాస్తా వచ్చింది. అత్తమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "సేమియాకు పెద్దన్న లెక్కున్నది," అంది. బాగుందనే అర్థం.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్. ఫోన్ అత్తమ్మకిచ్చి స్పీకర్ నొక్కాను.

"అమ్మా, డాక్టర్ చూసిండా?"

"లైన్ల ఉన్నం బిడ్డా. మస్తు మంది ఉన్నరు."

అంతలో వెయిటర్ పళ్ళెం పక్కన వంగి, "అమ్మగారూ, చీజ్ ఇంకొంచెం వేయమంటారా?" అన్నాడు.

"చీజేంది?" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ నోట్లోది నిదానంగా మింగింది. "గదేరా, మోకాళ్ళ నడుమ గుజ్జు అరిగిందంట. ఇది ఎక్కిస్తరంట. కాంపౌండరు అడుగుతుండు, ఎయ్యమంటరా అని." ఆపైన వెయిటర్ వైపు తిరిగి, "ఎయ్యి బిడ్డా, దండిగ ఎయ్యి," అంది.

వెయిటర్ చాలా మంచివాడు. ఏమీ అడగకుండా వేశాడు.

సాయంత్రం ఐదింటికి ఆట. స్టేడియంలో మా సీట్లు బాగా పైన. అత్తమ్మ పసుపు చీర కొంగు నడుముకు దోపి మెట్లెక్కింది. నేను సగంలో ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే పై నుంచి, "ఏంది పిల్లా, నీకు సూపియ్యాల్నా మోకాళ్ళు?" అని అరిచింది.

మైదానం మీద ఎండ పడమటి వైపుకు జారుతోంది. టీవీలో అగ్గిపెట్టెలంత కనిపించే మనుషులు ఇక్కడ పూర్తి మనుషులుగా, రొప్పుతూ, ఒకరినొకరు పిలుచుకుంటూ ఉన్నారు. మొదటిసారి ఎవరో బంతిని బలంగా తన్నారు. దబ్ అని చప్పుడు మా దాకా వచ్చింది. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"టీవీల గీ సప్పుడు రాదు," అంది మెల్లగా. ఆమె ముఖం చూసి, ఈ ఒక్క చప్పుడు కోసమైనా వచ్చిన పని అయిపోయిందనుకున్నాను.

కాసేపటికి అవతలి జట్టు గోల్ కొట్టింది. ఆమె అప్పుడు మిఠాయి పొట్లం విప్పుతోంది.

"ఏమైంది? మల్ల సూపెట్టరా?"

"ఇక్కడ మళ్ళ చూపెట్టరు అత్తమ్మా."

"అయితె రెప్ప గొట్టొద్దన్నట్టు." పొట్లం నా ఒళ్ళో పడేసింది. ఆ తర్వాత గంటసేపు దాని వైపు చూడలేదు.

రెండో సగంలో మా వైపు పసుపు చొక్కా ఆటగాడు ఒకడు గీత వెంబడి గాలిలా దూసుకుపోయాడు. ఎదురుగా ఎవరూ లేరు. సీటీలాయన ఊదాడు. ఆఫ్‌సైడ్.

అత్తమ్మ లేచి నిలబడింది. ఆమె పుట్టింది భీమ్‌గల్ దగ్గర ఊళ్ళో. చిన్నతనంలో మక్క చేను కాపలాకు మంచె మీద కూర్చుని చిలకల్ని తోలేది. చేను ఈ చివర కూత పెడితే ఆ చివర చిలకలు లేచిపోవాలి. ఆ కూతను నేను పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ వినలేదు. ఆ సాయంత్రం విన్నాను.

"హోఓఓయ్!"

మా స్టాండ్ మొత్తం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. సీటీలాయన నిజంగా తల తిప్పి చూశాడని అత్తమ్మ ఇప్పటికీ ఒట్టు పెట్టి చెబుతుంది. కింది వరసల్లో డోళ్ళు పట్టుకుని వచ్చిన కాలేజీ పిల్లలున్నారు. వాళ్ళు వెనక్కి తిరిగి ఈమెను చూసి, డోళ్ళతో జవాబిచ్చారు. ఇక అక్కణ్నుంచి ఆట అయ్యేదాకా అదే వరస. బంతి పసుపు వాళ్ళ కాళ్ళకు తగిలితే చాలు, "అమ్మమ్మా, ఇంకోటి!" అని ఒక అమ్మాయి చెయ్యి ఊపడం, ఈమె కూత పెట్టడం, డోళ్ళు మోగడం. చివరి పది నిమిషాల్లో పసుపు జట్టు గోల్ వేసింది. అత్తమ్మ పక్కనున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషి వీపు మీద ఎంత గట్టిగా చరిచిందంటే ఆయన కళ్ళజోడు ఒళ్ళో పడింది. పాపం, ఆయన అవతలి జట్టు మనిషి.

ఒకటి ఒకటి. ఆట సమానమైపోయింది.

"ఎవలు గెలువలె, ఎవలు ఓడలె," అంది మెట్లు దిగుతూ. "ఉత్తగ అందరు తిని పొయ్యే లగ్గం లెక్కున్నది." అయినా ఆమె ముఖం వెలిగిపోతోంది.

లాడ్జికి రాగానే మళ్ళీ ఫోన్. అత్తమ్మ "హలో" అంది. అది హలోలా వినిపించలేదు. బొంగురుపోయిన గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

"గొంతేందమ్మా గట్లయింది?"

"సూదిచ్చిండ్రు," అంది అత్తమ్మ కష్టం మీద. "మత్తు."

మరో మనిషయితే నమ్మి ఊరుకునేవాడు. కానీ మా ఆయనది మందుల షాపు. మోకాలికి ఇచ్చే సూదితో గొంతు పోదని ఆయనకు తెలుసు. "సరే, పండుకోండ్రి," అని పెట్టేశాడు. నమ్మాడనుకుని మేమిద్దరం దిండ్లు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాం.

ఆదివారం పొద్దున ఇరానీ హోటల్లో చాయ్, బన్ మస్కా. అత్తమ్మ గొంతుకు మంచిదని మూడు చాయ్‌లు తాగింది. పదకొండింటికి గ్యాలరీ చేరాం.

తెల్లటి గోడలు, చల్లటి గాలి, అద్దంలాంటి నేల. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. నేను చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తూ లోపలికి నడిచాను. అలా నడుస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. నా ఎత్తున్న బొమ్మ. తీగ మీద ఆరేసిన తడి చీర, ఇంకేమీ లేదు. మనిషి లేదు, ఇల్లు లేదు. కానీ నీటి బరువుకు చీర మధ్యలో ఎంత వంగాలో, అంచు ఎక్కడ మడత పడాలో, గీసిన చేతికి తెలుసు. ముప్పై ఏళ్ళుగా బట్టతోనే బతుకుతున్నాను. తడి గుడ్డ బరువు కంటితో చూడొచ్చని అప్పుడే తెలిసింది. కళ్ళు చెమర్చాయి. ఎందుకో చెప్పలేను.

అత్తమ్మ నా పక్కకొచ్చి తలెత్తి చూసింది. "రెండు కిలిప్పులు పెట్టకపోయిండు. గాలొస్తె పోతది," అని ముందుకెళ్ళిపోయింది.

నేను ఇంకా అక్కడే ఉన్నాను. రెండో గదిలోంచి ఎవరో గట్టిగా, "అమ్మా! ముట్టుకోవద్దు!" అని అరిచారు. పరుగెత్తాను.

ఆ గది మధ్యలో నేల మీద పెద్ద పసుపు కుప్ప. నిజమైన పసుపు. పై నుంచి చిన్న దీపం దాని మీద పడుతోంది. పక్కన చీటీ మీద "అమ్మ చేతులు" అని పేరు. కింద ఇన్‌స్టలేషన్ అని రాసుంది, అలా పేర్చి పెట్టిందీ బొమ్మే అన్నమాట. ఆ బొమ్మ ముందు అత్తమ్మ గొంతుక్కూర్చుని, చేతిలో ఒక కొమ్ము పట్టుకుని ఉంది. ఎదురుగా కాపలా మనిషి చేతులు ఊపుతున్నాడు.

"ముట్టకుంట పసుపునెట్ల సూస్తరు?" అంటోంది అత్తమ్మ. రెండు చేతులతో కొమ్మును విరవబోయింది. విరగలేదు, వంగింది. "సూడు. ఎండలే ఇది. ఎండితె టప్పుమని ఇరుగుతది. కొమ్ము, గోళ అంత ఒక్కకాడ కలిపిండ్రు. ఎవల పని ఇది?"

"నాదేనండీ," అంటూ ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, చేతులకు రంగు మరకలు. ఆ కుప్పను పేర్చింది తనే. నేను క్షమాపణ చెప్పబోయాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. అత్తమ్మ చేతుల వైపే చూస్తోంది, ఆ పసుపు గీతల వైపు.

"మూడు రోజుల నుంచి ఏదో వాసనొస్తోందండీ," అంది. "ఎందుకో అర్థం కావట్లేదు."

"అడుగున బూజు వట్టింది. తీసి సూపియ్యన్నా?"

అమ్మాయి కాపలా మనిషిని పక్కకు జరగమంది. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. అత్తమ్మ కుప్ప కిందికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీసింది. తెల్లగా బూజు. అంతే, ఇక ఆమె ఎక్కడుందో ఆమెకు గుర్తులేదు. బొంగురు గొంతుతోనే చెబుతూ, కొమ్ము ఇటు, గోళ అటు, చెడింది వెనక్కు, చూడకుండానే విసురుతోంది. నాలుగైదు నిమిషాల్లో చుట్టూ జనం చేరారు. ప్రదర్శనలో ఇదొక భాగమనుకుని ఒకాయన చప్పట్లు కొట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది.

అప్పుడు నా ఫోన్ మోగింది.

"నేను జేబీఎస్‌ల దిగిన," అన్నాడు మా ఆయన. "దవాఖాన ఏడుందో చెప్పు."

ఫోన్ చేత్తో మూసి అత్తమ్మ చెవిలో చెప్పాను. ఆమె చేతులు ఆపలేదు. "ఈడికే రమ్మను. అబద్ధమాడుడు ఇగ నాతోని గాదు. నాకు పనున్నది."

గ్యాలరీ అని చెప్పే ధైర్యం లేక వీధి పేరు, గుర్తులు చెప్పి పెట్టేశాను. గంటకు ఆటో దిగాడు. ఆయన్ని గుమ్మంలో చూసి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్, ఇంకో చేతిలో ఫ్లాస్కు, చంకలో మోకాళ్ళకు తొడిగే పట్టీలు. తెల్లటి గోడలు, చల్లగాలి, గుసగుసలు చూసి పెద్ద కార్పొరేట్ దవాఖానే అనుకున్నాడు. బయట చెప్పులు విప్పి, రిసెప్షన్ అమ్మాయి దగ్గరికి వెళ్ళి వినయంగా నిలబడ్డాడు.

"మా అమ్మనమ్మా. ఆర్మూర్ నుంచి. పెద్దామె, పసుపు చీర."

"ఓ, ఆ అమ్మగారా! లోపల ఇన్‌స్టలేషన్ దగ్గర కూర్చున్నారండీ."

మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. "ఇన్‌స్టలేషన్ అయిపోయిందా? నన్నడగకుంటనే? ఒక మోకాలికా, రెండిటికా?"

ఇక ఆగలేక వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. నేల మీద బాసింపట్టు వేసుకుని, పసుపు ముందేసుకుని, చుట్టూ జనంతో కూర్చున్న తల్లిని చూశాడు. తల్లి కూడా ఆయన్ని చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఎవరి సాయం లేకుండా ఒక్క ఊపున లేచి నిలబడింది.

"మోకాళ్ళు మంచిగున్నయిరా," అంది. "అబద్ధమాడింది నేను. కోడల్ని ఏమనకు."

బయట మెట్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. బస్సు, పాస్తా, కూత, అన్నీ. సిగ్గుపడుతూ కాదు, మురిసిపోతూ. చీజు దగ్గరికొచ్చేసరికి మా ఆయన పెదవి కొస కదిలింది కానీ బిగపట్టుకున్నాడు. అంతా విన్నాక నేల చూస్తూ, "రాత్రి నాకు నిద్ర పట్టలే," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అత్తమ్మ చెయ్యి ఆయన వీపు మీదికెళ్ళి అక్కడే ఉండిపోయింది.

కాసేపటికి, "నాకు చెప్తే వద్దంటనా?" అని అడిగాడు.

"అంటవు," అంది అత్తమ్మ.

"అంటరు," అన్నాను నేను, అదే క్షణంలో.

మోకాళ్ళ పట్టీలను మడిచి పక్కన పెట్టాడు. "అంట," అని ఒప్పుకున్నాడు.

క్యారియర్ విప్పితే కిచిడీ. పొద్దున నాలుగింటికి లేచి తనే వండాడు, పేషంట్ అరుగుదలకు మంచిదని. నలుగురం మెట్ల మీదే తిన్నాం, ఆ బొమ్మల అమ్మాయి కూడా వచ్చి కూర్చుంది. ఉప్పు ఎక్కువైంది. ఎవరూ అనలేదు. అత్తమ్మ రెండోసారి పెట్టించుకుంది. ఆ అమ్మాయి మా ఇంటి గుర్తులు రాసుకుని, వచ్చే వారం ఆర్మూర్ వస్తానంది. వచ్చింది కూడా. రెండు రోజులు అత్తమ్మ వెంట మార్కెట్ అంతా తిరిగింది. అది వేరే సంగతి.

మధ్యాహ్నం మూడవుతుండగా జేబీఎస్‌కు మెట్రో ఎక్కాం. పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగితే బస్టాండ్ పక్కనే. మా ఆయన హైదరాబాద్‌కు ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు, మందుల కోసం, రోగుల కోసం. మెట్రో ఎక్కడం మాత్రం ఇదే మొదలు. మొదట కడ్డీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. రెండు స్టేషన్లు దాటాక తలుపు అద్దం దగ్గరికి జరిగాడు. మరో రెండు స్టేషన్లకు అద్దానికి నుదురు ఆనించాడు. మిద్దెల మీద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, కుండీలు, మంచం మీద పడుకుని పేపరు చదివే ఎవరో పెద్దాయన, అన్నీ కిందుగా వెళ్ళిపోతున్నాయి.

పరేడ్ గ్రౌండ్ వచ్చింది. నేను బ్యాగందుకున్నాను. అత్తమ్మ నా కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"కూసో," అంది ఆ బొంగురు గొంతుతో. "వాన్ని జర సూడనియ్యి."

తలుపులు మూసుకున్నాయి. తర్వాతి స్టేషన్ పేరు వినిపించాక మా ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. "మనం దిగేది పోయిందా?"

"పోయింది," అన్నాను. "చివరిదాక పోయి మళ్ళ వద్దాం."

ఆయన నోరు తెరిచాడు. ఎందుకని అడగబోయి ఆగాడు. ఫ్లాస్కు నా ఒళ్ళో పెట్టి మళ్ళీ అద్దం వైపు తిరిగాడు.

"అగో," అన్నాడు కాసేపటికి, వేలితో చూపిస్తూ. "ఆ బంగ్లా మీద ఎవలో మిరపకాయలు ఆరబోసిండ్రు చూడుండ్రి."